1951లో 'ఫలానావారి భార్య', ఇప్పుడు ఫారం 8: ఆడవాళ్ల ఓటు ఎక్కడ జారిపోతోంది?

పల్లెపాఠం:
జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం. మండల మహిళా సమాఖ్యలో ఒక గంట మాట్లాడాలి. ఏటా ప్రతిజ్ఞ చేయిస్తారు, ర్యాలీ తీస్తారు, బ్యానరు పట్టుకుని ఫొటో దిగుతారు, అంతటితో సరి. ఈసారి సభ్యులకు పనికొచ్చే సమాచారం ఇవ్వాలనుకుంటున్నాం. మన ఆడవాళ్లకు ఓటు ఎలా వచ్చిందన్నది ఒకటి. వచ్చిన ఓటు జాబితాలోంచి ఎందుకు పోతోందన్నది రెండోది. మొదటిదాని గురించి ఎక్కడ వెతికినా 'బ్రిటన్, అమెరికా స్త్రీలు పోరాడి తెచ్చుకున్నారు, మనకు రాజ్యాంగం ఇచ్చేసింది' అనే ఉంది. నిజంగా అంతేనా? తేదీలతో సహా తెలిసినవాళ్లు చెప్పండి.

తాళపత్రం:
అంతే కాదు. రాజ్యాంగానికి ముప్ఫై ఏళ్ల ముందే మొదలైన పోరాటం ఇది.

1917 డిసెంబరులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు, వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ మద్రాసులో ఉన్నప్పుడు సరోజినీ నాయుడు నాయకత్వాన ఒక మహిళా ప్రతినిధి బృందం వాళ్లను కలిసింది. ఆ ప్రయత్నం వెనక ఉన్నది మార్గరెట్ కజిన్స్. ఐర్లండ్‌లో ఓటు హక్కు ఉద్యమంలో పనిచేసి ఇక్కడికొచ్చిన మనిషి. కొత్త సంస్కరణల్లో 'ప్రజలు' అని రాసిన ప్రతిచోటా స్త్రీలనూ కలిపి లెక్కించాలి, స్త్రీ అన్న కారణంతో ఎవరినీ తీసేయకూడదు అన్నది వాళ్ల కోరిక.

తర్వాత ఓటు అర్హతలు తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ కుదరదని చెప్పింది. ఈ దేశపు సామాజిక పరిస్థితుల్లో స్త్రీలకు ఓటు ఇంకా తొందరే అని దాని వాదన. దాంతో హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠాన్ టాటా 1919లో లండన్ దాకా వెళ్లి పార్లమెంటు కమిటీ ముందు తమ వాదన వినిపించారు. ఫలితం సగమే దక్కింది. 1919 భారత ప్రభుత్వ చట్టం స్త్రీలకు నేరుగా ఓటు ఇవ్వలేదు, నిర్ణయాన్ని ఏ ప్రావిన్సు శాసనమండలికి ఆ మండలికే వదిలేసింది.

అక్కడ ముందడుగు వేసింది మద్రాసు. 1921 ఏప్రిల్‌లో తీర్మానం చేసి, స్త్రీలను ఓటుకు దూరం పెట్టే నిబంధనను తొలగించింది. అదే ఏడాది బొంబాయి. సంయుక్త పరగణాలు 1923లో, 1921లో కాదన్న బెంగాల్ 1925లో, పంజాబ్ 1926లో. సంస్థానాల్లో తిరువాన్కూరు ఇంకా ముందు, 1920లోనే.

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. కాబట్టి 1923 శాసనమండలి ఎన్నికల్లో గోదావరి, కృష్ణా, గుంటూరు, కడప జిల్లాల్లో ఆస్తి అర్హత ఉన్న స్త్రీలు ఓటర్లు. ఆ ఏడాదికి ఫ్రాన్సులో ఏ స్త్రీకీ ఓటు లేదు, 1944 దాకా రాలేదు. బ్రిటన్‌లో 30 ఏళ్ల లోపు స్త్రీలు 1928 దాకా ఆగారు. స్విట్జర్లాండ్ జాతీయ ఎన్నికల్లో అయితే 1971. సభలో ఇది తప్పకుండా చెప్పండి.

సంశయం:
తాళపత్రం గారూ, 'ఆస్తి అర్హత ఉన్న స్త్రీలు' అని ఒక్క ముక్కలో దాటేశారు. అసలు కథంతా అందులోనే ఉంది కదా. అప్పట్లో ఆడవాళ్ల పేరు మీద భూమి ఎంతమందికి ఉండేది? పన్ను రసీదు ఎవరి పేరున వచ్చేది? ఆ లెక్కన 1921 తీర్మానం జమీందారిణులకు పనికొచ్చిందే కానీ కూలికి వెళ్లే ఆడవాళ్లకు ఏం ఒరిగింది?

తాళపత్రం:
మీ ప్రశ్న న్యాయమైనదే. ఓటు శిస్తుకో, పన్నుకో ముడిపడి ఉండేది, అవి మగవాళ్ల పేరున ఉండేవి. 1919 చట్టం కింద బ్రిటిష్ ఇండియా స్త్రీలలో నూటికి ఒక్కరికి కూడా ఓటు రాలేదు. మగవాళ్లలోనూ ఎక్కువమందికి లేదు, అది వేరే సంగతి.

అయినా ఆ తీర్మానాన్ని తేలిగ్గా తీసేయలేం. దాని వెంటే 1926లో పోటీ చేసే హక్కు వచ్చింది. కమలాదేవి చట్టోపాధ్యాయ ఆ ఏడాదే మద్రాసు శాసనమండలికి దక్షిణ కన్నడ ప్రాంతం నుంచి పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. మరుసటి ఏడాది డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి నామినేటెడ్ సభ్యురాలిగా మండలిలోకి వచ్చి ఉపాధ్యక్షురాలయ్యారు. దేవదాసీ వ్యవస్థ మీద బిల్లు తెచ్చింది ఆవిడే. ఓటుతో తలుపు కొంచెం తెరుచుకుంటే ఆ సందులోంచి వచ్చిన పనులు ఇవి.

కృష్ణాతీరం:
1935 భారత ప్రభుత్వ చట్టం గురించి నేను రాస్తాను. సంశయం గారి ప్రశ్నకు దగ్గరగా ఉండేది అదే.

స్త్రీ ఓటర్లను పెంచడానికి ఆ చట్టం మూడు దారులు పెట్టింది. మొదటిది స్త్రీకి సొంత ఆస్తి. రెండోది అక్షరాస్యత. మూడోది భార్యాత్వం, అంటే భర్తకు నిర్ణీత ఆస్తి ఉంటే ఆ అర్హత మీద భార్యకు ఓటు. వీటివల్ల స్త్రీ ఓటర్లు సుమారు 60 లక్షలయ్యారు. అంతకుముందు 20 మంది మగ ఓటర్లకు ఒక స్త్రీ ఓటరు ఉంటే, ఇప్పుడు అయిదుగురికి ఒకరు.

అంకె బాగానే ఉంది. నిబంధనలు చదివితే మనసు కలుక్కుమంటుంది. ఒక మనిషి ఆస్తి మీద ఒక్క భార్యకే ఓటు, ఇద్దరుంటే రెండో ఆవిడకు లేదు. భర్త పోతే ఓటు నిలుస్తుంది కానీ మళ్లీ పెళ్లి చేసుకుంటే పోతుంది. కొన్ని ప్రావిన్సుల్లో భార్య పేరు దానంతట అది ఎక్కదు, ఆమే దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టకపోతే అర్హత ఉండీ ఓటు లేదు. అక్షరాస్యత దారి కూడా ఇరుకే. 1935 నాటి మాట అటుంచండి, 1951 జనాభా లెక్కల్లో కూడా స్త్రీల అక్షరాస్యత 9 శాతం లోపే.

సంశయం:
అలాగైతే అఖిల భారత మహిళా సభ భార్యాత్వ అర్హతను ఎందుకు వ్యతిరేకించింది? అది తీసేస్తే స్త్రీ ఓటర్లు ఇంకా తగ్గేవాళ్లు కదా. ఉన్నది పుచ్చుకుని మిగతాది అడగొచ్చు.

కృష్ణాతీరం:
ఉద్యమంలోనే ఆ వాదన నడిచింది. ఆ చట్టానికి ముందు ఓటు అర్హతలు పరిశీలించిన లోథియన్ కమిటీలో సభ్యురాలైన రాధాబాయి సుబ్బరాయన్ మీరన్నట్టే, దొరికినంత తీసుకుందాం అన్న పక్షం. రాజకుమారి అమృత్ కౌర్, ముత్తులక్ష్మి రెడ్డి, షరీఫా హమీద్ అలీ 1933లో లండన్‌లో పార్లమెంటు ఉమ్మడి కమిటీ ముందు వయోజన ఓటు హక్కే కావాలన్నారు. పౌరురాలిగా రావాల్సిన ఓటు భార్య హోదా మీద వస్తే, పెళ్లికాని స్త్రీకీ ఆస్తిలేని ఇంటి స్త్రీకీ ఎప్పటికీ రాదు అని వాళ్ల అభిప్రాయం. నాకు వాళ్ల వైపే సబబు అనిపిస్తుంది. 1937 ఎన్నికల్లో 60 లక్షల మందికి మేలు జరిగిందన్నది నిజమే. కానీ స్త్రీ పేరు జాబితాలో భర్త పేరుకు తోకలా ఉండటం అప్పుడే అలవాటైపోయింది. పదిహేనేళ్ల తర్వాత దాని ఫలితం చూశాం.

రిజిస్టరు:
ఆ ఫలితం దగ్గర నుంచి నేను అందుకుంటాను.

మొదటి సార్వత్రిక ఎన్నికల ఓటరు జాబితా పని రాజ్యాంగం ఆమోదం పొందక ముందే మొదలైంది. రాజ్యాంగ సభ సచివాలయం 1948 నాటికే ప్రావిన్సులకూ సంస్థానాలకూ సూచనలు పంపింది. ఇంటింటికీ తిరిగి 21 ఏళ్లు నిండిన ప్రతి మనిషి పేరూ రాయాలి. చివరికి జాబితాకెక్కింది 17 కోట్ల 32 లక్షల మంది. 1950 మార్చిలో తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా వచ్చిన సుకుమార్ సేన్‌కు అందులో ఒక పెద్ద చిక్కు కనిపించింది. లక్షల మంది స్త్రీలకు పేరు లేదు. 'ఫలానావారి భార్య', 'ఫలానావారి తల్లి' అని మాత్రమే ఉంది. పరాయి మగవాడికి పేరు చెప్పడం మర్యాద కాదని ఇళ్లలో చెప్పలేదు, గుమస్తాలు బలవంతపెట్టకుండా బంధుత్వం రాసుకుని వెళ్లిపోయారు.

పేరు లేకుండా ఓటరు గుర్తింపు కుదరదని కమిషన్ పట్టుబట్టింది. సొంత పేరు చెబితే దిద్దండి, చెప్పకపోతే తీసేయండి అని ఆదేశం. బీహార్‌లో పేర్లు ఇవ్వడానికి ప్రత్యేకంగా నెల రోజులు గడువు పెంచారు, చాలామంది చెప్పి చేరారు. రాజస్థాన్‌లో గడువు ఇచ్చినా స్పందన అంతంతమాత్రం. మొత్తం మీద దాదాపు 8 కోట్ల మంది స్త్రీ ఓటర్లలో సుమారు 28 లక్షల మంది పేర్లు పోయాయి. ఎక్కువగా బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌లలో.

గమనించండి. రాజ్యాంగం 325వ అధికరణ 'స్త్రీ అన్న కారణంతో జాబితాలో చేర్చకుండా ఉండరాదు' అంటోంది. 326 వయోజన ఓటు ఇచ్చింది. చట్టం వైపు ఏ లోటూ లేదు. 28 లక్షల ఓట్లు పోయింది గుమస్తా నోటుపుస్తకంలో ఒక గడి దగ్గర.

సేన్ నిర్ణయం సరైనదేనా అంటే నా దృష్టిలో సరైనదే, కఠినమైనదే అయినా. 'రామయ్య భార్య' అని ఉంటే ఆ పేరు మీద ఎవరు వచ్చి వేసినా ఆపలేరు. అప్పటికి ఫొటో జాబితా లేదు, గుర్తింపు కార్డు లేదు.

ఓరుగల్లు:
తెలంగాణ సంగతి కూడా చెప్పండి. హైదరాబాద్ సంస్థానంలో వయోజన ఓటుతో అసెంబ్లీ ఎన్నికలు మొదటిసారి జరిగింది 1952లోనే. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న 1921, 1935 మెట్లు ఇక్కడ లేవు. అయినా ఆ మొదటి ఎన్నికలోనే ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి గెలిచారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మనిషి, అదే సీటు నుంచి 1957లో, 1962లో కూడా గెలిచారు. ఇక ఆంధ్ర వైపు నుంచి రాజ్యాంగ సభలో ఉన్న దుర్గాబాయిని వదలకండి. ఆ సభలో స్త్రీలు 15 మంది.

ఓటు వేసే పద్ధతి కూడా సభలో చూపిస్తే బాగుంటుంది. 1952లో ఒక్కో అభ్యర్థికీ విడిగా పెట్టె, పెట్టె మీద గుర్తు. బ్యాలెట్ మీద ముద్ర వేసే పని లేదు, కావలసిన గుర్తున్న పెట్టెలో కాగితం వేస్తే చాలు. చదువు రాని ఓటరును దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు అది.

పల్లెపాఠం:
అందరికీ ధన్యవాదాలు. చరిత్ర భాగానికి ఇది చాలు. ఇక రెండోది. పెళ్లయి ఊరు మారిన అమ్మాయిల పేర్లు రెండు చోట్లా లేకపోవడం, లేదా రెండు చోట్లా ఉండటం ప్రతి ఊళ్లో ఉన్న గొడవ. వరసగా ఏం చేయాలో ఎవరైనా రాయగలరా? సంఘం సభ్యులు ఫోన్లోనే చేసుకునేలా ఉండాలి.

జాబితా_పని:
పాత సలహాలు ఇంకా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి కాబట్టి ముందు ఒక మాట. 2022 ఆగస్టుకు ముందు వేరే నియోజకవర్గానికి మారితే కొత్త చోట ఫారం 6, పాత చోట తొలగింపు అని రెండు పనులు ఉండేవి. ఇప్పుడు అలా కాదు. ఒకసారి ఓటరుగా ఉన్నవాళ్లు ఎక్కడికి మారినా ఫారం 8 ఒక్కటే. ఫారం 6 మొదటిసారి చేరేవాళ్లకు మాత్రమే. పెళ్లయి వచ్చిన అమ్మాయి మళ్లీ ఫారం 6 వేస్తే, 'ఇంతకుముందు ఓటరుగా లేను' అని తప్పుడు ప్రకటన మీద సంతకం చేసినట్టు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1950, సెక్షన్ 31 కింద దానికి ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. తెలియక చేసేవాళ్లే ఎక్కువ, అందుకే గట్టిగా చెప్పండి.

వరస ఇది. పుట్టింటి ఎపిక్ (ఓటరు గుర్తింపు కార్డు) నంబరు దగ్గర పెట్టుకోవాలి. ఎన్నికల సంఘం పోర్టల్‌లోనో యాప్‌లోనో ఫారం 8 తెరిచి ఆ నంబరు కొడితే పాత వివరాలు వస్తాయి. కారణాల్లో 'నివాసం మార్పు' ఎంచుకుని, అదే నియోజకవర్గంలోనా బయటికా చెప్పాలి. తర్వాత కొత్త చిరునామా, దానికి రుజువు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, 'నా పేరున ఏ కాగితమూ లేదు' అని. అక్కర్లేదు. అప్పటికే ఓటరుగా ఉన్న భర్త పేరున కరెంటు బిల్లో, బ్యాంకు పాస్‌బుక్కో ఉంటే అదీ సరిపోతుంది. ఏదీ లేకపోతే బీఎల్‌వో (పోలింగ్ కేంద్రం జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) ఇంటికొచ్చి విచారించాలి. చివర్లో వచ్చే రిఫరెన్స్ నంబరు రాసుకోవాలి. ఎపిక్ నంబరు మారదు, పాత చోట పేరు తొలగింపు వాళ్లే చూసుకుంటారు.

ఇంటిపేరు మార్చుకోవాలా అని అడుగుతారు. ఓటుకు అది తప్పనిసరి కాదు. మార్చుకోవాలనుకుంటే ఫారం 8లోనే సవరణ. ఆధార్‌లో పుట్టింటి పేరు, జాబితాలో అత్తింటి పేరు పెట్టుకుని బూత్ దగ్గర తంటాలు పడేకన్నా అన్నిట్లో ఒకే పేరు ఉంచుకోవడం మేలు. బంధువు గడిలో తండ్రి పేరే కొనసాగినా ఓటుకు ఇబ్బంది లేదు.

జాబితాలో పేరు వెతికేటప్పుడు పేరుతో వెతికితే దొరకదు. తెలుగులో 'వెంకటలక్ష్మి' కలిపి, 'వెంకట లక్ష్మి' విడదీసి, ఇంగ్లీషులో ఇంకో రకంగా ఉంటుంది. ఎపిక్ నంబరుతోనే వెతకండి. అందులో లేకపోతే ఆ పోలింగ్ కేంద్రం జాబితా దించుకుని ఇంటి నంబరు వరసలో చూడండి. పంచాయతీ డోర్ నంబర్లు మార్చిన ఊళ్లలో ఒకే ఇంటివాళ్లు రెండు చోట్ల ఉంటారు.

సీమబిడ్డ:
దరఖాస్తు పెట్టినా పేరు రాని కేసులు? కారణం ఏమిటి?

జాబితా_పని:
ఎక్కువగా మూడు. బీఎల్‌వో వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేక 'అందుబాటులో లేరు' అని రాయడం. ఫొటో మసకగా ఉండటం. గడువు దాటాక పెట్టడం.

గడువు గురించి కాస్త వివరంగా. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నిక అయ్యేదాకా జాబితాలో ఒక్క పేరూ చేర్చరు, తీయరు. దరఖాస్తు వచ్చాక అభ్యంతరాలకు 7 రోజులు నోటీసు ఉండాలి. కాబట్టి నామినేషన్ల చివరి తేదీకి కనీసం పది రోజుల ముందు పెట్టకపోతే ఆ ఎన్నికకు అందదు. షెడ్యూలు వచ్చాక పరుగెత్తేవాళ్లలో సగం మంది ఇక్కడే పోగొట్టుకుంటారు.

కొత్తగా చేరేవాళ్లకు అర్హత తేదీలు ఇప్పుడు నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. 17 నిండిన అమ్మాయి ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. డిగ్రీ కాలేజీల్లో, పెళ్లి కాకముందే, పుట్టింటి చిరునామాలో చేర్పించడం అన్నిటికన్నా తేలిక. తర్వాత ఫారం 8తో మార్చుకుంటే చాలు.

తిరస్కరిస్తే అక్కడితో ఆగొద్దు. ఈఆర్‌వో (నియోజకవర్గ ఓటరు నమోదు అధికారి) నిర్ణయం మీద 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు. అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి.

ఓరుగల్లు:
దీనికి ఒకటి కలుపుతాను. పంచాయతీ ఎన్నికలకు వేరే జాబితా తయారుచేస్తారని ఊళ్లలో అనుకుంటారు. రాష్ట్ర ఎన్నికల సంఘం అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడగొడుతుంది. సర్పంచి ఎన్నికలో ఓటు కావాలన్నా, స్త్రీలకు రిజర్వైన వార్డులో పోటీ చేయాలన్నా ముందు అసెంబ్లీ జాబితాలో ఆ ఊళ్లో పేరుండాలి. మన రెండు రాష్ట్రాల్లో పంచాయతీల్లో స్త్రీలకు సగం సీట్లు. పుట్టింటి ఊళ్లోనే పేరు ఉండిపోయిన కోడలు నామినేషన్ వేయడానికి వెళ్లి తెల్లమొహం వేయాల్సి వస్తుంది.

సీమబిడ్డ:
తొలగింపుల గురించి కూడా రాయాలి. వలస వెళ్లే ఇళ్లలో ఇదే అసలు సమస్య. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి కూలి పనులకు నాలుగైదు నెలలు బయటికి వెళతారు. పండక్కి వచ్చేసరికి 'శాశ్వతంగా వెళ్లిపోయారు' అని పేరు పోయి ఉంటుంది. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన ఆడవాళ్లకూ ఇదే జరుగుతుంది.

రిజిస్టరు:
చట్టం అలా చేయమనలేదు. 1950 చట్టం సెక్షన్ 20 చదవండి. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన సాధారణ నివాసం పోదు. ఇల్లు సొంతమైనంత మాత్రాన సాధారణ నివాసి కూడా అయిపోరు, రెండు వైపులా ఉంది. సెక్షన్ 22 ప్రకారం నివాసం లేదన్న కారణంతో పేరు తీసేముందు ఆ ఓటరుకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. నోటీసు పాత ఇంటి తలుపుకు అంటించి చేతులు దులుపుకునే చోటే గొడవ.

ఫారం 7 అంటే తొలగింపు కోరుతూ ఇచ్చేది. అదే నియోజకవర్గంలో ఓటరైనవారు ఎవరైనా ఇవ్వొచ్చు, కారణం రాయాలి, తప్పుడు ప్రకటనకు సెక్షన్ 31 వాళ్లకీ వర్తిస్తుంది. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7లు లక్షల్లో పడి పెద్ద రభస అయింది, అందరికీ గుర్తుండే ఉంటుంది. కుప్పగా తెచ్చిచ్చే ఫారాలు తీసుకోకూడదు. పార్టీ బూత్ ఏజెంటు రోజుకు 10కి మించి ఇవ్వకూడదు.

సంఘం చేయగల పని ఒకటుంది. వచ్చిన దరఖాస్తుల జాబితాలను ఈఆర్‌వో ప్రదర్శించాలి: చేర్పులకు ఫారం 9, తొలగింపులకు ఫారం 10, సవరణలకు ఫారం 11. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లోనూ పెడతారు. నెలకోసారి ఒక చదువుకున్న సభ్యురాలు ఫారం 10 తెరిచి తమ ఊరి పేర్లు చూస్తే చాలు. పేరు పోయాక తిరిగి ఎక్కించడం కన్నా పోకముందు అభ్యంతరం చెప్పడం పదింతలు సులువు.

తాళపత్రం:
రిజిస్టరు గారి మాటకు తోడు: బీహార్‌లో 2025లో జరిగిన ఓటరు జాబితా ప్రత్యేక ముమ్మర సవరణలో 2003 జాబితాను ఆధారంగా తీసుకున్నారు. ఆ తర్వాత పెళ్లయి వచ్చిన కోడలు అత్తింటి ఊరి పాత జాబితాలో ఎలాగూ ఉండదు. పుట్టింటి నియోజకవర్గం జాబితాలో తల్లిదండ్రుల పేర్లు వెతికి చూపాలి. మగవాడు పుట్టిన ఊళ్లోనే ఉంటాడు కాబట్టి అతనికి ఈ పాట్లు తక్కువ. మన దగ్గర ఇలాంటి సవరణ ఎప్పుడు జరిగినా పనికొస్తుంది, ప్రతి సభ్యురాలూ తల్లిదండ్రుల ఓటు ఏ నియోజకవర్గంలో, ఏ పోలింగ్ కేంద్రంలో ఉందో, వరస సంఖ్య ఎంతో ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.

బూత్_అధికారి:
పోలింగ్ రోజు సంగతి ఎవరూ ఎత్తలేదు. కార్డు లేదని వెనక్కి వెళ్లిపోయే ఆడవాళ్లు ప్రతి బూత్‌లో ఉంటారు.

మొట్టమొదట, కార్డు ఉండి జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. పేరుండి కార్డు లేకపోతే ఓటు ఉంది. ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పింఛను పత్రం, దివ్యాంగుల యూడీఐడీ కార్డు, వీటిలో ఏదైనా చాలు. ఇంటికి పంచే ఓటరు స్లిప్పు ఒక్కటే పట్టుకొస్తే కుదరదు, 2019 నుంచి అది గుర్తింపు పత్రం కాదు. పుట్టింటి నియోజకవర్గంలో ఇచ్చిన పాత ఎపిక్ తెచ్చినా, పేరు ఈ బూత్ జాబితాలో ఉంటే చెల్లుతుంది. అక్షరదోషాలు చూసి వెనక్కి పంపకూడదు.

'మీ పేరు ఏఎస్‌డీ జాబితాలో ఉంది' అంటే భయపడొద్దు. ఊళ్లో లేనివాళ్లు, మారినవాళ్లు, చనిపోయినవాళ్లు అని బీఎల్‌వో ముందే రాసిచ్చిన జాబితా అది. అందులో ఉన్నా మనిషి స్వయంగా వస్తే, గుర్తింపు మరింత గట్టిగా చూసి, సంతకంతో పాటు వేలిముద్ర తీసుకుని ఓటు వేయిస్తారు.

భర్త 'దానికి తెలీదు, నేను చూపిస్తా' అని లోపలికి వస్తే ప్రిసైడింగ్ అధికారి ఆపాలి. చూపు లేనివాళ్లకూ, బటన్ నొక్కలేని శారీరక బలహీనత ఉన్నవాళ్లకూ మాత్రమే 18 నిండిన సహాయకుడు ఉండొచ్చు, ఆ సహాయకుడు ఆ రోజు ఒక్కరికే. చదువు రాకపోవడం కారణం కాదు, గుర్తులు ఉన్నది అందుకే. ముసుగు వేసుకునే స్త్రీలుంటే గుర్తింపుకు మహిళా పోలింగ్ అధికారిని అడగొచ్చు.

పోలింగ్ ముగిసే సమయానికి వరసలో ఉన్న అందరికీ ఓటు ఉంది. స్లిప్పులు వరస చివర నుంచి ముందుకు పంచుకుంటూ వస్తారు, ఆ తర్వాత వెనక ఎవరూ చేరకుండా. పొలం పని ముగించుకుని సాయంత్రం వచ్చే ఆడవాళ్లకు ఇది తెలియాలి.

ఇంకో చిన్న విషయం. జాబితా ప్రతిలో ఓటరు పేరు దగ్గర గీత గీస్తారు కదా, స్త్రీ ఓటరైతే అదనంగా ఒక గుర్తు పెడతారు. రాత్రికి ఆ గుర్తులు లెక్కపెట్టి ప్రిసైడింగ్ అధికారి స్త్రీల ఓట్లు ఎన్నో రాస్తాడు. పేపర్లో వచ్చే 'మహిళల పోలింగ్ శాతం' అక్కడ పుట్టిందే.

కృష్ణాతీరం:
ఆ శాతాలు నేనిస్తాను. 1962 లోక్‌సభ ఎన్నికల్లో మగవాళ్లు 63 శాతానికి పైగా, స్త్రీలు 47 శాతం లోపు. 2019లో స్త్రీలు 67.18, పురుషులు 67.01. 2024లో 65.78, 65.55. పదహారు శాతం తేడా పూర్తిగా చెరిగిపోయింది. కానీ ఇది జాబితాలో ఉన్నవాళ్లలో శాతం. జాబితాకే ఎక్కని స్త్రీ ఇందులో ఎక్కడా కనిపించదు. అందుకే మీ సభలో ఈ అంకెతో పాటు, మీ మండలం జాబితాలో వెయ్యిమంది మగ ఓటర్లకు స్త్రీ ఓటర్లు ఎందరో పోలింగ్ కేంద్రాలవారీగా లెక్కగట్టి చూపండి. ప్రతి కేంద్రం జాబితాలోనూ స్త్రీ, పురుష ఓటర్ల మొత్తాలు ఇస్తారు. ఏ కేంద్రంలో సంఖ్య పక్కవాటికన్నా బాగా తక్కువ ఉంటే అక్కడ ముందు ఇంటింటికీ తిరగాలి.

సంశయం:
చివరిగా ఒకటి. బూత్‌కు వెళ్లేసరికి 'మీ ఓటు ఇప్పటికే వేసేశారు' అంటే? చాలామంది తిట్టుకుంటూ ఇంటికి పోతారు.

బూత్_అధికారి:
పోకూడదు. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49పి దీనికోసమే. మీరే అసలు ఓటరని ప్రిసైడింగ్ అధికారి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తే టెండర్డ్ బ్యాలెట్ (ఇలాంటివాళ్లకు విడిగా ఇచ్చే ఓటు కాగితం) ఇవ్వాల్సిందే. ఒక్కో కేంద్రానికి 20 కాగితాలు ముందే ఇచ్చి ఉంటారు. ఇలాంటి ఓటర్ల పేర్లు రాసే ఫారం 17బిలో సంతకమో వేలిముద్రో పెట్టి, కాగితం మీద ముద్ర వేసి, మడిచి ఆయనకే ఇవ్వాలి. ఈవీఎంలో వేయనివ్వరు.

దొంగ ఓటరు మన కళ్లముందే లోపల ఉంటే పని పోలింగ్ ఏజెంటుది. 2 రూపాయలు కట్టి చాలెంజ్ చేయొచ్చు, అక్కడికక్కడే విచారణ జరుగుతుంది.

సంశయం:
ఆ టెండర్డ్ ఓటు లెక్కపెడతారా, కవర్లోనే ఉండిపోతుందా?

రిజిస్టరు:
మామూలు లెక్కింపులో తెరవరు. సీలు వేసిన కవర్లో ఉంటుంది. ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఎవరైనా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేస్తే, కోర్టు కావాలనుకుంటే తెరుస్తారు. రాజస్థాన్‌లో 2008 అసెంబ్లీ ఎన్నికల్లో నాథ్‌ద్వారా నుంచి సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు: 62,216కి 62,215. ఆ పిటిషన్‌లో టెండర్డ్ ఓట్ల మీద వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేంద్రాల్లో ఎవరో 17బిలో సంతకం చేసి కాగితం ఇచ్చి వెళ్లబట్టే కోర్టు ముందు చూడటానికి ఏదైనా మిగిలింది. కాబట్టి మీ సభలో ఫారం 17బి పేరు రెండుసార్లు చెప్పించండి, ప్రిసైడింగ్ అధికారి 'తర్వాత రండి' అన్నా ఆ నంబరు చెప్పి అడిగితే ఇవ్వకుండా ఉండలేరు. అయినా ఇవ్వకపోతే బయటికొచ్చి వెంటనే ఓటరు హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేసి, కొన్ని పోలింగ్ కేంద్రాలను చూసుకునే సెక్టార్ అధికారిని పిలిపించమనాలి, పోలింగ్ ముగిసేలోపే.